ఆటపాక నుంచి పెదయడ్లగాడి దాకా: కొల్లేరు ఒకరోజు యాత్రపై సమీక్ష

కైకలూరు కేంద్రంగా ఒక యువకుడు కొల్లేరును చూపించే ఒకరోజు యాత్రలు నడుపుతున్నారు. ఉదయం ఆరున్నరకు వ్యానులో బయలుదేరి ఆటపాక పక్షి కేంద్రంలో పడవ ప్రయాణం, అక్కడి ప్రదర్శనశాల, ఒక లంక గ్రామంలో మధ్యాహ్న భోజనం, సాయంత్రం పెదయడ్లగాడి వంతెన దగ్గర ఉప్పుటేరు వైపు నడక, ఇదీ ఆయన పెట్టుకున్న క్రమం. జనవరి రెండో వారంలో మా అక్క, ఆమె మనవడు, నేను ఈ యాత్రకు వెళ్లి వచ్చాం. జీవశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మనిషిని కాబట్టి నా అంచనాలు మామూలు సందర్శకుల అంచనాలకు కొంత భిన్నంగా ఉండవచ్చు. చదివేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలని ముందే మనవి చేస్తున్నాను.

సాధారణంగా పక్షుల యాత్ర అంటే ఎన్ని రకాలు చూపించారు, ఎంత దగ్గరగా చూపించారు అన్న లెక్కే ఉంటుంది. ఈ యాత్రలో ఆ లెక్క కన్నా విలువైనది నాకు దొరికింది. ఒక పక్షి ఇక్కడే ఎందుకు ఉంది, ఇంత సంఖ్యలోనే ఎందుకు ఉంది, నిన్నటి తరం చూసినది ఈ రోజు ఎందుకు లేదు అన్న ప్రశ్నలకు నీటి లోతులో, ఉప్పులో, చెట్టులో, చేపలో జవాబు వెతికించే ప్రయత్నం ఆయన చిత్తశుద్ధితో చేస్తున్నారు. ఒకటి రెండు చోట్ల తప్పు చెప్పారు, ఒక చోట తప్పు చేశారు. అవి కూడా కింద రాస్తున్నాను.

ఆటపాక చెరువులో పడవ కదిలిన కొద్దిసేపటికే గూడబాతుల (పెలికాన్ల) కాలనీ కనబడుతుంది. బూడిదరంగు ఒళ్లు, పై ముక్కు మీద చుక్కలు, కింద వేలాడే సంచి; ఒక్కొక్క గూటిలో రెండు మూడు పిల్లలు, తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చి మేత లాక్కుంటున్నాయి. చూడగా చూడగా అర్థమైనదేమిటంటే ఆ గూళ్లలో చాలా భాగం చెట్ల మీద లేవు. అటవీశాఖ నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద, అంచెలంచెలుగా ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ కాలం వేళ్లు నీళ్లలో నానిపోవడం వల్ల, ఆపైన వందల పక్షుల రెట్ట ఆకులను కాల్చి మట్టి స్వభావాన్ని మార్చడం వల్ల కాలనీ ఉన్న చెట్లు క్రమంగా ఎండిపోతాయి. గూడు పెట్టుకున్న జాతే తన గూటి చెట్టును బలహీనపరుస్తుంది. పాతకాలంలో ఒక చోట చెట్లు పోతే పక్షులు మరో చోటికి తరలిపోయేవి, ఈలోగా ఆ చెట్లు కోలుకునేవి. ఇప్పుడు చుట్టూ చేపల చెరువుల గట్లే తప్ప నీటి నడుమ పెద్ద చెట్లు లేవు కాబట్టి తరలిపోవడానికి చోటు తక్కువ. ఆ లోటును ఇనుము పూడుస్తోంది.

ఇక్కడ మా నిర్వాహకుడు పడవ నడిపే ఆయనను ఇంజను ఆపమని కోరి, పది నిమిషాల సేపు చాలా బాగా మాట్లాడారు. ఒక ప్రాంతంలో ఒక జాతి ఎంతవరకు పెరగగలదో తేల్చేది ఆ జాతికి కావలసిన వాటిలో అన్నిటికన్నా తక్కువగా దొరికేది. కొల్లేరు చుట్టూ ఉన్న చేపల చెరువుల వల్ల గూడబాతుకు మేత కరువు లేదు. కరువు గూటి చోటుకు. అందుకే ఒక స్టాండు నిలబెడితే ఆ ఏడాదే దాని మీద గూళ్లు వెలుస్తాయి. తరగతిగదిలో పరిమితి కారకం అని నల్లబల్ల మీద రాసి నేను ఎన్నో ఏళ్లు చెప్పిన పాఠం, మా అక్క మనవడికి ఆ స్టాండును చూపించి చెప్పేసరికి ఒక్క నిమిషంలో అర్థమైంది. ఆ పిల్లవాడు వెంటనే, అయితే మేత తగ్గిపోతే ఎన్ని స్టాండ్లు పెట్టినా లాభం లేదు కదా అని అడిగాడు. ఈ యాత్రకు ఇచ్చిన డబ్బు నాకు అక్కడే దక్కింది.

ఆయన దగ్గర అంగుళాల గీతలు గీసిన ఒక వెదురు కర్ర ఉంది. గూడబాతులు ఈదుతున్న చోట దాన్ని ముంచి చూపించారు, తర్వాత చెరువు అంచున ఎర్రకాళ్ల కొంగలు మేస్తున్న చోటికి నడిపించి అక్కడా ముంచారు. మన పక్కన చాలామంది ఎర్రకాళ్ల కొంగ అని పిలిచే ఆ పక్షి, రెక్క చివర గులాబీ రంగు ఉన్న పెద్ద కొంగ, కంటితో చూసి చేపను పట్టదు. ముక్కు కొద్దిగా తెరిచి నీళ్లలో పెట్టి నడుస్తుంది. చేప తగలగానే ముక్కు మూసుకుంటుంది. ఈ పద్ధతి పలుచని నీటిలో మాత్రమే సాగుతుంది. గూడబాతు నీటి మీద తేలుతూ, కొన్నిసార్లు బారులు తీరి చేపలను ఒక వైపుకు తరిమి, సంచితో తోడుకుంటుంది. దానికి ఒంటిని తేల్చగలిగినంత లోతు కావాలి. ఒకే చెరువులో రెండు జాతులు పక్కపక్కనే గూడు పెట్టుకుంటున్నా, వాటి బతుకులు వేర్వేరు లోతుల మీద ఆధారపడి ఉన్నాయి. చెరువుకు లోతు పెంచి నీళ్లు నిలబెడితే ఒకదానికి మేలు, రెండోదానికి కష్టం. కొల్లేరులో నీటిమట్టం గురించి వచ్చే ప్రతి తగువులోనూ రైతు, చేపల చెరువు యజమాని, వలకారుడు ఉంటారు. ఆ కర్రను చూశాక ఈ రెండు పక్షులకూ ఆ తగువులో వాటా ఉందని తెలుస్తుంది.

ఇప్పుడు తప్పు సంగతి. గూడబాతులు సైబీరియా నుంచి వస్తాయని ఆయన రెండుసార్లు చెప్పారు. పత్రికల్లోనూ, ఊళ్లలోనూ ఈ మాట బాగా పాతుకుపోయింది కాబట్టి ఆయనను ఒక్కరినే తప్పుపట్టను, కానీ దీన్ని సరిదిద్దుకోవడం చాలా అవసరం. ఈ చుక్కముక్కు గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియాలకు చెందిన పక్షి. కొల్లేరు, నెల్లూరు వైపు నేలపట్టు, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరు వంటి చోట్ల గూళ్లు పెడుతుంది. పిల్లలు ఎగిరాక వానను, చేపను బట్టి ఈ దేశంలోనే అటూ ఇటూ తిరుగుతుంది. నిజంగా ఉత్తరాది చలి దేశాల నుంచి మన దగ్గరికి వచ్చేవి సూదితోక బాతుల వంటివి. వాటికి ఇక్కడ గూళ్లు ఉండవు, చలికాలం గడిపి వెళ్లిపోతాయి. ఈ తేడాను పండితుల పట్టింపు అనుకోకూడదు. సైబీరియా నుంచి వచ్చే పక్షి ఒక ఏడాది తగ్గితే కారణం అక్కడి చలిలోనో, దారిలోనో ఉండి ఉండవచ్చు. గూడబాతు తగ్గితే మాత్రం కారణం మన వానలో, మన చెట్టులో, మన చెరువులోనే వెతకాలి. దూరదేశపు అతిథి అని చెప్పినంత కాలం దాని బాగోగుల బాధ్యత మన మీద ఉన్నట్టు ఎవరికీ అనిపించదు.

దీనికి పశ్చిమ గోదావరిలోని ఆరేడు అనే ఊరి కథే సాక్ష్యం. ఈ యాత్రలో ఆ ఊరి ప్రస్తావన లేకపోవడం నాకు పెద్ద లోటుగా తోచింది. 1946లో పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ ఆరేడులో గూడబాతుల భారీ కాలనీని గుర్తించి లోకానికి తెలియజేశారు. 1970ల నాటికి ఆ ఊరి చెట్లు పక్షులు లేకుండా ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత చాలా ఏళ్లకు గాని కొల్లేటి ప్రాంతంలో ఈ జాతి ఆటపాక రూపంలో మళ్లీ నిలదొక్కుకోలేదు. ఒక కాలనీ ఖాళీ కావడానికి ఒక మనిషి జీవితకాలంలో సగం కూడా పట్టలేదన్నది ఆ స్టాండ్ల ముందు నిలబడి వినవలసిన సంగతి. తేలినీలాపురంలో 2021 చివర, 2022 మొదట్లో వందకు పైగా గూడబాతులు చనిపోవడం కూడా ఇక్కడ చెప్పదగినదే. చేపల ద్వారా ఒంట్లోకి చేరిన నులిపురుగులు అందుకు కారణమని తేలింది. అదే ఊళ్లో గూళ్లు పెట్టిన ఎర్రకాళ్ల కొంగలకు ఆ గతి పట్టలేదు. ఒకే చెట్టు మీద ఉన్న రెండు జాతులు వేర్వేరు నీళ్లలో మేస్తే వాటి చావుబతుకులు కూడా వేరవుతాయి. కర్ర ముంచి లోతు చూపించిన మనిషికి ఈ ఉదాహరణ చక్కగా అమరేది.

రెండో అభ్యంతరం ఇంకొంచెం గట్టిది. తిరుగు ప్రయాణంలో మాతో వచ్చిన కొందరు ఫోటోల కోసం అడగగా, నిర్వాహకుడు పడవను ఒక స్టాండుకు మరీ దగ్గరగా తీసుకెళ్లనిచ్చారు. పెద్ద పక్షులు ఒక్కసారిగా లేచిపోయాయి. ఈకలు సరిగా రాని పిల్లలు ఎండలో నీడ లేకుండా మిగిలిపోయాయి. రెండు కాకులు ఆ స్టాండు మీదికి వాలడం నేను కళ్లారా చూశాను. గుడ్లు, చిన్న పిల్లలు ఉన్న రోజుల్లో పది నిమిషాల అలజడి ఒక గూటిని పాడు చేయగలదు. సందర్శకుడు కూడా ఆ పక్షికి ఒక పరిసర కారకమే. పొద్దున్న అంత బాగా పాఠం చెప్పిన మనిషి ఆ నిమిషంలో దాన్ని మరిచిపోవడం నాకు బాధ కలిగించింది. తర్వాత విడిగా ఈ మాట చెబితే ఆయన వాదించకుండా ఒప్పుకున్నారు, ఇకపై దూరం పాటిస్తానన్నారు.

ప్రదర్శనశాలలో పక్షుల నమూనాలు, పటాలు ఉన్నాయి. పిల్లలకు అరగంట చాలు, పెద్దలకు అంతకన్నా తక్కువ పడుతుంది.

భోజనం గురించి రాయకపోతే అన్యాయమవుతుంది. లంక గ్రామంలో ఒక ఇంటి వసారాలో ఆకుల్లో వడ్డించారు. అన్నం, ముద్దపప్పు, గోంగూర, చేపల పులుసు. పులుసు రుచి గొప్పగా ఉంది. అయితే కొల్లేటి లంకలో తింటున్న ఆ చేప కొల్లేటి చేప కాదు, చెరువులో పెంచిన శీలావతి. ఆ ఇంటి పెద్దాయన, నా చిన్నప్పుడు మా ఇంట్లో నల్లచేప తప్ప ఇంకోటి వండేవారు కాదండీ అన్నారు. నల్లచేప అంటే కొర్రమీను, మార్పు, ఇంగిలాయి. ఇవి నీటిలో ప్రాణవాయువు తగ్గినా పైకి వచ్చి గాలి పీల్చుకుని బతకగల చేపలు. వేసవిలో ఎండి, వానకు నిండే సరస్సుకు సరిగ్గా సరిపోయినవి. వానాకాలంలో నీళ్లు అంచు పొలాల్లోకి పరుచుకున్నప్పుడు ఆ పలుచని గడ్డి నీళ్లలో గుడ్లు పెట్టేవి. 1970ల చివరి నుంచి, ఆ తర్వాత మరింత వేగంగా, సరస్సు గర్భం గట్లు కట్టిన చెరువులుగా మారేసరికి నీరు పరుచుకునే అంచు మాయమైంది. గట్టుకు అవతల ఏడాది పొడవునా లోతైన, మేత వేసిన, ఎరువులు చల్లిన నీళ్లు. ఆ నీళ్లలో శీలావతి, బొచ్చె పెరుగుతాయి. ఇక గట్టు ఇవతల మిగిలిన పాయల్లో ఇటీవల రాకాసి చేప కనబడుతోంది. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం వ్యాపారం ద్వారా వచ్చి మన నీళ్లలోకి జారిన ఈ గరుకు ఎముక పలకల చేప వలలు చింపుతుంది, సంతలో దానికి ధర లేదు, మురికినీళ్లలోనూ బతుకుతుంది. పెద్దాయన ఇవన్నీ పులుసు వడ్డిస్తూ చెప్పారు. ఈ భోజనాన్ని తిండి కింద కాక యాత్రలోని పాఠంగా లెక్కవేసి, నిర్వాహకుడు ఆయనకు ఇంకో అరగంట కేటాయించవలసింది.

సాయంత్రం పెదయడ్లగాడి. కైకలూరు, ఏలూరు మధ్య ఉన్న ఈ వంతెన దగ్గర నిలబడితే కొల్లేటి కష్టం మొత్తం కళ్లకు కడుతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి వాగులు, కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువలు నీళ్లు తెచ్చి ఈ సరస్సులో పోస్తాయి. బయటికి వెళ్లే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే, అది దాదాపు 60 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. వచ్చే దారులు ఎన్నో, పోయే దారి ఇరుకు. ఆ ఇరుకులో గుర్రపుడెక్క అడ్డం పడుతుంది. మేం వెళ్లిన రోజు వంతెన ఎగువన పచ్చటి చాప పరిచినట్టు ఉంది. మా పిల్లవాడు అందంగా ఉందన్నాడు, నిజానికి ఊదారంగు పూలతో అందంగానే ఉంది. పొలాల ఎరువులు, చెరువుల నుంచి వదిలిన నీళ్లు మోసుకొచ్చే నత్రజని, భాస్వరం దానికి మేత. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపు కాగల ఆ మొక్క నీటి మీద కప్పు వేసి కింది నాచుకు వెలుతురు అందనివ్వదు. నాచు చస్తే దాన్ని తినే బాతులకు మేత లేదు, చేపపిల్లలకు దాక్కునే చోటు లేదు. అదే సమయంలో తేలే ఆకుల మీద పొడుగు వేళ్లతో నడిచే జకానాలకు, జమ్ములో తిరిగే ఊదా నీలం నీటికోళ్లకు కొంత చోటు పెరుగుతుంది. కొల్లేరు పాడైపోయింది అనే ఒక్క మాటలో ఈ వివరం ఇమడదు. ఏ మార్పు ఏ జాతిని దించింది, దేన్ని లేపింది అని విడదీసి చెప్పడం ఈ యువకుడికి తెలుసు, ఇది ఆయనలో నాకు నచ్చిన గుణం.

అక్కడే ఆయన ఉప్పుశాతం కొలిచే చిన్న పరికరాన్ని నీళ్లలో ముంచి చూపించారు. జనవరిలో ఉప్పు తక్కువే ఉంది. వేసవిలో సరస్సు మట్టం పడిపోయి, పైనుంచి వచ్చే మంచినీళ్లు సన్నగిల్లినప్పుడు పోటు నీరు ఉప్పుటేరు గుండా వెనక్కి ఎక్కుతుంది. గుర్రపుడెక్క ఉప్పును తట్టుకోలేదు, ఆ మేరకు వాడిపోతుంది. మంచినీటి చేపలు కూడా వెనక్కి తగ్గుతాయి, ఉప్పునీటి జాతులు ముందుకు వస్తాయి. సరస్సులోని మొక్కలు, చేపలు ఏడాదికి ఒకసారి ఇలా ఒకదానికొకటి చోటిచ్చుకోవడం ప్రకృతి సహజమే. ఆ ఉప్పుగీత ఏ మేరకు పైకి వస్తుందన్నదే చిక్కు. ఎగువన నీటి వాడకం పెరిగేకొద్దీ అది లోపలికి జరుగుతోంది.

నడక చివర ఆయన సరస్సు చట్టపరమైన చరిత్ర కూడా చెప్పారు. సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు (ఎత్తును చూపే గీత) వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు రావడం, 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను కొట్టివేయడం, తర్వాతి ఏళ్లలో మళ్లీ గట్లు లేవడం, ఇవన్నీ క్లుప్తంగా, ఎవరినీ దూషించకుండా చెప్పారు. గట్లు కొట్టినప్పుడు ఉపాధి పోయిన లంకల జనం గురించి కూడా చెప్పారు. అది చెప్పకుండా పక్షుల గురించి మాత్రమే మాట్లాడి ఉంటే నేను ఈ సమీక్ష ఇంత ఆదరంగా రాసేదాన్ని కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన నీళ్లు తర్వాత ఇటే వచ్చాయని, లంకలకు రాకపోకలు తెగిపోయాయని వంతెన దగ్గర గుర్తు చేశారు. అలాంటి వరదలో గట్లు పొంగి పెంపకపు చేపలు సరస్సులో కలిసిపోతాయి. ఒక్క వరద చేపల జాతుల పొందికను రాత్రికి రాత్రే మార్చగలదు. ఈ సంగతిని మరికొంత వివరించి ఉంటే బాగుండేది గాని అప్పటికే చీకటి పడుతోంది.

ఇక ఏర్పాట్ల సంగతి. వ్యాను శుభ్రంగా ఉంది, సమయానికి వచ్చింది. తాగునీళ్లు సరిపడా ఇచ్చారు. ఆడవాళ్లకు, వయసు పైబడినవారికి మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు మరుగుదొడ్డి సౌకర్యం ఎక్కడా లేదు. మా అక్క చాలా ఇబ్బంది పడింది. లంక గ్రామంలో ఎవరి ఇంట్లోనైనా మాట్లాడి పెట్టవలసింది. దుర్భిణులు ఆరుగురికి ఒకటి చొప్పున ఇచ్చారు, అది చాలదు. ఉన్నవారు సొంతవి తీసుకెళ్లడం మంచిది. ముదురు ఆకుపచ్చ, గోధుమరంగు బట్టలు వేసుకోండి, టోపీ మరవకండి. మనిషికి తీసుకున్న 900 రూపాయలు, భోజనం, పడవ ఖర్చు కలిపి చూస్తే న్యాయమైన ధరే.

వెళ్లే నెలను బట్టి మీరు చూసేది మారిపోతుంది. నవంబరులో గూళ్లు కట్టడం, పుల్లల కోసం కొట్లాటలు కనబడతాయి. జనవరిలో పిల్లలు ఉంటాయి. మార్చికి చాలా పిల్లలు ఎగరడం నేర్చుకుంటాయి, నీళ్లు తగ్గుతుంటాయి. పక్షులు మాత్రమే కావాలనుకునేవారు డిసెంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లాలి. మొత్తం మీద ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను; స్టాండుకు దగ్గరగా పడవ పోనివ్వకపోయి ఉంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని.

దిగేటప్పుడు ఆయనను ఒక కోరిక కోరాను. మే నెలలో, స్టాండ్లు ఖాళీగా ఉన్నప్పుడు, సరస్సు గర్భం నెర్రెలు విచ్చి, ఉప్పుటేరులో పోటు నీరు ఎక్కుతున్నప్పుడు ఇదే దారిలో ఒక యాత్ర పెట్టమని అడిగాను. ఎవరూ రారేమోనని సందేహించారు. కనీసం ఎనిమిదిమంది ఉంటే నడుపుతానన్నారు; మేం ముగ్గురం పేర్లు ఇచ్చి వచ్చాం, ఇంకా అయిదుగురు కావాలి.